ఆగినప్పుడు టైము రాయండి

పోయిన నెల మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకి ముందు చేసే పెద్ద ప్రార్థన ముగించి పాస్టరుగారు ఆమెన్ అనగానే, నేను తెర మీద తర్వాతి కీర్తన కోసం చర్చి కంప్యూటరు మీట నొక్కాను. తెర కదల్లేదు. మళ్ళీ నొక్కాను. బాణం గుర్తు ఉన్నచోటే బిగుసుకుపోయింది. తెర కింద కుడి మూలన గడియారం పది నలభై ఏడు దగ్గర నిలబడి ఉంది. నా చేతి గడియారంలో పది యాభై ఆరు.

వెనక బెంచీల్లో కుర్రకారు కిసుక్కుమన్నారు. పెట్టె మీద ఒక్కటి వేద్దామని చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. దించి, జేబులోంచి కలం తీసి, కీర్తనల పుస్తకం అట్ట లోపల రాసుకున్నాను: 10:47.

"ఆగినప్పుడు కొట్టకండి, టైము రాయండి" అని మాకు నేర్పిన మనిషి పోయి అప్పటికి అయిదు నెలలు.

ఆమె పేరు రాయను. బతికుండగా పలకవలసిన చోట పలకని పేరుని ఇప్పుడు అచ్చులో చూసుకునే హక్కు నాకు లేదు.

నేను డాక్‌లో క్రేను కింద ఖలాసీగా ముప్పై నాలుగేళ్ళు చేశాను. బడి చదువు మూడో తరగతితో సరి. తెలుగు కీర్తనల పుస్తకంలో నేర్చుకున్నాను, బెంగాలీ దుకాణాల బోర్డుల మీద, ఇంగ్లీషు ఓడల్లోంచి దిగే పెట్టెల మీద. అందుకే నాకు తెలిసిన ముక్క మీద నాకు పొగరు ఎక్కువ. కష్టపడి సంపాదించుకున్నది కాబట్టి ఎవరైనా కాదంటే ఒళ్ళు మండుతుంది. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, తర్వాత జరిగినదంతా దీంట్లోంచే వచ్చింది.

ఆమెకి నలభై అయిదు దాటి ఉంటాయి. నన్ను చిన్నాన్నా అనేది. రక్తసంబంధం ఏమీ లేదు. వాళ్ళ నాన్నది కార్పొరేషను చెత్తబండి పని, నాది డాక్ పని. ఇద్దరం శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ మహానగరానికి వచ్చి, డాక్ పక్కన ఏక్‌బాల్‌పూర్‌లో ఒకే సందులో కాపురం పెట్టినవాళ్ళం, అంతే. భవానీపూర్‌లో ఒక కంప్యూటర్ల దుకాణంలో ఊడవడానికి చేరి, ఊడుస్తూ ఊడుస్తూనే పెట్టెలు విప్పడం నేర్చుకుంది. అక్కడ అందరూ దిదీ అనేవారు. ఇంతకు మించి ఆమె చరిత్ర నాకు తెలీదు. నాకు గుర్తున్నది ఆమె చేతులు.

పెట్టె విప్పేముందు గాజులు తీసి చర్చి కిటికీ కొక్కేనికి తగిలించేది. తర్వాత కిటికీ ఇనుప ఊచని అరచేత్తో పట్టుకుని ఒక్క క్షణం కదలకుండా నిలబడేది. ఒంట్లో ఉన్న కాస్త కరెంటూ దిగిపోతే గాని లోపలి ముక్కలు ముట్టుకోకూడదట. మా చర్చిలో ఇది పెద్ద గొడవైంది. ముందు బెంచీ ముసలమ్మ ఒకావిడ చూసి పాస్టరుగారి ఎదటే నిలేసింది.

"కిటికీకి మొక్కుతున్నాదేటి ఈ గుంట? ఇది ఏ దేముడి గుడి అనుకుంటన్నాదో?"

ఆమె నవ్వి, ముసలమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఊచ మీద పెట్టింది. "మొక్కు కాదు మామ్మా. ఒంట్లో ఉన్న సురుకు దిగిపోద్ది, పట్టుకో."

"నాది ఎనభయ్యేళ్ళ సురుకు. ఇంత ఊచకి దిగదే" అంది ముసలమ్మ. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇంటికి పోయేవారు.

విప్పిన మరల్ని జర్దా డబ్బా మూతలో విప్పిన వరసలోనే పేర్చేది. లోపలి ఫంకా మీద అరచెయ్యి కాదు, చెయ్యి వెనక్కి తిప్పి ఆనించేది, పిల్లల నుదురు చూసినట్టు. టీ సాసర్లో పోసుకుని తాగుతూ కూడా తెర మీంచి చూపు తిప్పేది కాదు. ఏదైనా అడిగితే "అడక్కు చిన్నాన్నా, సూడు" అనేది. ఎవర్ని అడిగినా తోచింది చెప్పేస్తారనీ, చూస్తే మాత్రం ఉన్నది కనపడుతుందనీ ఆమె నమ్మకం.

ఒక బడిపిల్లల నోటుపుస్తకం ఎప్పుడూ సంచీలో ఉండేది. దాంట్లో మాటలు తెలుగు, అక్షరాలు బెంగాలీ. మా ఇళ్ళల్లో ఇప్పుడు అందరిదీ అదే రాత. మొదటిసారి చూసినప్పుడు నాకు మండింది.

"అమ్మ భాషకి పొరుగింటి బట్టలు కట్టి తిప్పుతావా?" అన్నాను.

"బట్ట ఎవులదైతే ఏటి చిన్నాన్నా, సలి ఆగిందా లేదా?" అంది, రాస్తూనే.

మా చర్చి కంప్యూటరు ఆమె కట్టిందే. పాత సామాన్లు ఏరి, తుడిచి, ఒక్కొక్కటీ పరీక్ష పెట్టి కూర్చింది. మా పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. అందుకని తెర మీద పైన తెలుగు అక్షరాల్లో, కింద బెంగాలీ అక్షరాల్లో కీర్తన వెయ్యాలి. రెండు వందల పైచిలుకు కీర్తనలు రెండు లిపుల్లోనూ ఒంటి వేలితో టైపు చేసింది నేను. ఆదివారాలు మీట దగ్గర కూర్చునేదీ నేనే. ఆ కుర్చీ నాకు సింహాసనం.

అది పెట్టిన కొన్నాళ్ళకి ఆగడం మొదలుపెట్టింది. పొగ లేదు, చప్పుడు లేదు. తెర మీద ఉన్నది ఉన్నట్టే ఉండేది. మీట పని చెయ్యదు, బాణం కదలదు, గడియారం నిలిచిపోతుంది. వెనక నుంచి "తాత మళ్ళీ ఆపేశాడు" అని నవ్వులు. వేడి వల్ల అన్నాను నేను. నా ఇంటి నుంచి ఫంకా తెచ్చి పెట్టెకి ఎదురుగా పెట్టాను. కరెంటు హెచ్చుతగ్గులన్నాడు కార్యదర్శి. పాస్టరుగారైతే సాతానన్నారు. ఒక దుకాణం నుంచి టై కట్టుకున్న ఇంజనీరు వచ్చాడు. రెండు గంటల పాటు ఏవేవో పరీక్షలు నడిపాడు. ఆ రెండు గంటల్లో పెట్టె ఒక్కసారి కూడా ఆగలేదు. అయినా లేచి చేతులు దులుపుకుని, "బోర్డ్ గేఛే, దాదూ" అన్నాడు. బోర్డు పోయిందట. తన కళ్ళ ముందు నిక్షేపంగా నడిచిన యంత్రానికి చావు చీటీ రాసిచ్చి పోయాడు. అతని చదువు మీద నాకు ఇప్పటికీ కోపమే.

కాని ఆ మాట చర్చిలో పాకింది. పాత సామాన్లు అంటగట్టిందన్నారు. తెలిసే చేసిందని కూడా అన్నారు. అంతవరకూ ఇళ్ళల్లో ఏది చెడినా ఆమెనే పిలిచేవాళ్ళు పిలవడం మానేశారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. నాతో మాత్రం ఒకసారి అంది.

"పాతవే చిన్నాన్నా. సచ్చినవి కాదు. సచ్చినదాన్ని దేముడింట్లో పెడతానేటి నేను?"

ఆ తర్వాతి నాలుగు ఆదివారాలూ ఆగినప్పుడల్లా నా చేత టైము రాయించింది. తెర గడియారం ఏ నిమిషం దగ్గర నిలిచిందో అదే అది ఆగిన క్షణం, మనం గమనించిన క్షణం కాదు అని చెప్పింది. అయిదో ఆదివారం తనే వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. అది నెల మొదటి ఆదివారం, బల్ల రోజు. ముందు బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె, ద్రాక్షరసం ఉన్నాయి.

మా పాస్టరుగారి పెద్ద ప్రార్థన పావుగంటకి తగ్గదు. రోగులతో మొదలుపెట్టి, డాక్ పనివాళ్ళ మీదుగా, షాలిమార్ రైలు యార్డులో పని చేసేవాళ్ళని కలుపుకుని, దేశాన్నేలేవాళ్ళ దాకా వెళ్ళి వస్తారు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకుంటారు. నేను మూసుకోను. హాజరు పుస్తకంలో రాయడానికి తలలు లెక్కపెట్టేది అప్పుడే. మా సంఘంలో పెద్దలకి మాత్రమే ఉన్న పని అది.

ఆ రోజు లెక్కపెడుతూ పక్కకి తిరిగేసరికి ఆమె కళ్ళు బార్లా తెరుచుకుని ఉన్నాయి. గడ్డం కింద పిడికిలి, రెప్ప వెయ్యడం లేదు. పెదాలు కదులుతున్నాయి గాని అది ప్రార్థన కాదు, అంకెలు. నేను కళ్ళెర్ర చేశాను. చూడలేదు. ఆమెన్ అన్నారు. మీట నొక్కాను. తెర ఆగిపోయి ఉంది. వెనక నవ్వులు లేచాయి.

మైకు నా ముందే ఉంది. అది ఆన్‌లో ఉందని నాకు తెలుసు. తెలీదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను, కాని తెలుసు.

"ప్రార్థనలో కళ్ళు తెరిచి యంత్రం వంక చూసేవాళ్ళుంటే యంత్రం నడుస్తుందా? దేవుడి ఎదట కళ్ళు మూసుకోలేని మనిషి బల్లకి రానక్కర్లేదు" అని, ఎవరికీ అనుమానం లేకుండా ఆమె పేరు కూడా పలికాను.

ఆమె లేచి నిలబడింది. నాకొక్కడికే వినపడేటట్టు అడిగింది.

"నా కళ్ళు నువ్వెలాగ సూసినావు చిన్నాన్నా?"

హాజరు పుస్తకం మూసేశాను. కొక్కేనికి గాజులున్నాయి, ఉదయాన్నే పెట్టె ఒకసారి విప్పి చూసింది కదా. అవి తీసుకోకుండానే వరండాలోకి వెళ్ళిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. నేను ఒక్కణ్ణే ఉన్నాను. గాజుల సంగతి, మైకు సంగతి ఏదీ ఎత్తలేదు. నోటుపుస్తకం తెరిచి నా ముందు పెట్టింది.

"సూడు. పాటప్పుడు ఒక్కసారీ ఆగనేదు. ప్రసంగం నలభై నిమిషాలుంటాది, అప్పుడూ ఆగనేదు, వాక్యాలకి నువ్వు మీట నొక్కుతుంటావు గనక. అయిదుసార్లూ ప్రార్థనప్పుడే. నువ్వు చెయ్యి తీసినప్పుడే."

"అంటే?"

"పనుంటే బాగుంటాది. పని నేకపోతే సస్తాది. ఆ ఇంజనీరు బాబు పరీచ్చ పెట్టినంతసేపూ దానికి పనే కదా, మరెందుకాగుతాది?"

నాకు అర్థం కాలేదని మొహం చూసి తెలుసుకుంది. "డాక్‌లో నైట్ డ్యూటీకి నువ్వు కునుకు తీసేవోడివి కాదేటి?"

"తీసేవాణ్ణి. సైరను వినపడేంత కునుకు."

"అదీ. ఈ మిషను బుర్రకి కూడా పని నేకపోతే కరెంటు మిగలడానికి నిద్ర నేర్పినారు. కునుకు, నిద్ర, గాఢనిద్ర, మెట్లు మెట్లు. కొత్త బోర్డుల్లో ఏ మెట్టు దిగినా పిలిస్తే లేస్తాది. మనది పాత బోర్డు. అడుక్కి దిగిపోయినాక లేవడానికి సరిపడా కరెంటు అందట్లేదు. కళ్ళు మూసుకుని అందరం దేముణ్ణి పిలుస్తన్నాం, ఇక్కడ దీన్ని పిలిచేవోళ్ళు నేరు."

పెట్టె ఆపి మళ్ళీ ఆన్ చేసింది. తెర వెలుగుతుండగానే డిలీట్ మీట టకటకా కొట్టింది. నీలం పేజీ ఒకటి వచ్చింది. నాలుగు వరసలు దిగి, గాఢనిద్ర అన్న చోట వద్దు అని పెట్టింది. కునుకు మాత్రం ఉంచింది.

"అంతేనా?" అన్నాను.

"అంతే. ఇప్పుడు పరీచ్చ. సేతులు ఒళ్ళో పెట్టుకో. ఏటీ సెయ్యకపోడమే దీని పరీచ్చ."

ఖాళీ చర్చిలో ఇద్దరం రెండు గంటలు చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర మూలన గడియారం చూస్తూ కూర్చున్నాం. నిమిషం మారినప్పుడల్లా ఆమె తల ఊపేది. నా జీవితంలో అంత నిష్ఠగా నేను ఏ ప్రార్థనలోనూ కూర్చోలేదు. రెండో గంట సగంలో, చూపు తిప్పకుండానే అంది.

"ఆ మాట ఎనక్కి తీసుకో చిన్నాన్నా. నాకు క్షమాపణ వద్దు. దొంగ సామాను అంటగట్టనేదు, దేముడి ముందు ఆటలాడనేదు. ఆ రెండు ముక్కలే. సెప్పిన నోటితో, సెప్పిన కాడే. అప్పుడే బల్లకొస్తాను."

"చూద్దాం లే" అన్నాను.

ఏడు మొదటి ఆదివారాలు గడిచాయి. ఒకసారి పై ఊరి బోధకుడు వచ్చాడు, అతని ముందు మన ఇంటి సంగతెందుకన్నాను. ఒకసారి వాన, జనం లేరన్నాను. ఒకసారి గొంతు బాగులేదన్నాను. అసలు సంగతి వేరు. పెట్టె ఆగడం మానేశాక అందరూ "పెద్దాయన బాగు సేసీసినాడు" అనుకున్నారు. నేను కాదనలేదు. ఆమె పేరు ఎత్తితే అదీ చెప్పాలి, ఫంకా సంగతీ చెప్పాలి, మూడో తరగతి మనిషికి ఊడిచే మనిషి పాఠం చెప్పిందనీ చెప్పాలి.

నెలనెలా బల్ల వేళకి ఆమె లేచి వరండాలోకి పోయి నిలబడేది. పాస్టరుగారు స్వయంగా వెళ్ళి లోపలికి రమ్మన్నారు. "పెద్దాయన సెప్పాలండి" అంది, అంతే. ముసలమ్మ మాత్రం నన్ను వదల్లేదు. "ఒరే, ఆ కిటికీ ఊచ పట్టుకో. నీ సురుకైనా దిగుద్దేమో" అంది ఒకరోజు, అందరూ వింటుండగా. నేను విననట్టు నడిచిపోయాను.

వానల్లో ఆమెకి జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో వేశారని తెలిసి ఒక బుధవారం వెళ్ళాను. ఇద్దరికి ఒక మంచం. గోడ వైపు ఆమె. నన్ను చూడగానే అడిగింది.

"మిషను ఆగిందేటి?"

"లేదమ్మా."

"మరేటి, అలాగున్నావు?"

"ఆ రోజు మైకులో నేను..." అని మొదలుపెట్టాను.

సూది గుచ్చిన చెయ్యి కొంచెం పైకి లేపింది. "ఇక్కడ కాదు. ఇక్కడెవులింటారు, ఈ సెలైను సీసా?" నవ్వబోయి దగ్గింది. "ఆదివారం మొదటాదివారమే కదా. వొచ్చీస్తాను. అప్పుడు సెప్పు."

శుక్రవారం పోయింది.

సమాధి దగ్గర మన్ను వేశాను. ఆదివారం చర్చిలో మైకు ముట్టుకోలేదు. చచ్చిపోయిన మనిషికి ఇప్పుడు చెప్పి ఏం లాభం అని నాకు ఇంకో సాకు దొరికింది. ఆ సాకుతో అయిదు నెలలు బతికాను. పోయిన నెల తెర పది నలభై ఏడు దగ్గర నిలిచేదాకా.

మర్నాడు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి నోటుపుస్తకం అడిగాను. ఎందుకని అడక్కుండానే సంచీలోంచి తీసి ఇచ్చింది. వాళ్ళ గుమ్మం మీదే కూర్చుని చదివాను. బెంగాలీ అక్షరాల్లోంచి తెలుగు మాట ఒక్కొక్కటీ కూడబలుక్కుని తీసేసరికి కళ్ళు నొప్పెట్టాయి. మా పెట్టెకి వేరే ఒక పేజీ ఉంది. దాని అడుగున ఇలా ఉంది:

"బిళ్ళ బేటరీ సస్తే సెట్టింగు మరిసిపోద్ది. టైమైతే నెట్‌లోంచి తెచ్చుకుంటాది. మళ్ళీ గాఢనిద్రకి పోద్ది. చిన్నాన్నకి నేర్పాలి."

ఆ తర్వాత వరసగా వారం వారం ఒక్క మాటే. ఆగనేదు. ఆగనేదు. ఆగనేదు. నాలుగైదు వారాలకోసారి వరస కొంచెం పొడుగు. ఆ వారాలేవో నాకు వేళ్ళ మీద లెక్కపెట్టక్కర్లేకపోయింది. బల్ల వారాలు. అక్కడ ఇలా రాసుంది:

"ఆగనేదు. బయట్నుంచి సూసినాను."

ఏడుసార్లు.

వరండా కిటికీలోంచి మా తెర కనపడుతుంది. రొట్టె లోపల అందరి చేతుల్లోకీ పోతుంటే ఆమె బయట నిలబడి, నా కుర్చీ పరువు కోసం గడియారం కాపలా కాసింది.

బిళ్ళ బేటరీ నేనే కొన్నాను. చేతి గడియారం తీసి కొక్కేనికి తగిలించాను. ఊచ పట్టుకుని నిలబడ్డాను, ఆమెకన్నా చాలాసేపు. మరలు జర్దా డబ్బా మూతలో వరసగా పెట్టాను. డిలీట్ మీట కొట్టాను, నీలం పేజీ వచ్చింది, నాలుగు వరసలు దిగాను. తర్వాత రెండు గంటలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన స్టూలు వేసే ఉంచాను.

ఈ నెల మొదటి ఆదివారం ప్రార్థనకి ముందు మైకు తీసుకున్నాను. ఆమె పేరు చెప్పాను. ఆమె దొంగ సామాను అంటగట్టలేదన్నాను. దేవుడి ముందు ఆటలాడలేదన్నాను. ఈ పెట్టెని బాగు చేసింది ఆమె, నేను కాదన్నాను. ఆమె కళ్ళు నాకెలా కనపడ్డాయో కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీ ముసలమ్మ కొంగు మొహాన కప్పుకుంది.

మూడో బెంచీలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఎదటికి వెళ్ళి నిలబడ్డాను. తలెత్తి చూసింది.

"బాగానే సెప్పినావు బావూ. ఇంటికెళ్ళి ఎవులికి సెప్పనిప్పుడు?"

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. హాజరు పుస్తకం కుర్చీలో పెట్టేసి నేను వరండాలోకి నడిచాను. బల్ల వేళకి కార్యదర్శి వచ్చి పిలిస్తే తల అడ్డంగా ఊపాను. నాకు ఇది మొదటి నెల. ఇంకా ఆరున్నాయి.

కిటికీ దగ్గర ఆమె నిలబడే చోటు నుంచి తెర మూల సరిగ్గా కనపడుతుంది. పది నలభై ఆరు. పది నలభై ఏడు. రెప్ప వెయ్యకుండా చూశాను. పది నలభై ఎనిమిది.

నోటుపుస్తకం తెరిచి, ఆమె ఆఖరి వరస కింద, ఆమె రాసే అక్షరాల్లోనే రాశాను. ఆగనేదు. బయట్నుంచి సూసినాను.